మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ పైస్థాయి నుంచి మొదలుకావాలి

సంపాదకులకు,

అయ్యా,

ప్రభుత్వ రంగ సంస్థల్లో మేనేజర్లకు మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న పని మీద, ఆ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) శిక్షణ ఇప్పించాలన్న ఆలోచన ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అయిదు నిమిషాల 'వై-బ్రేక్' యోగా యాప్‌ను తెచ్చినప్పుడు, తమ సిబ్బంది చేత దాన్ని వాడించాలని కేంద్ర సిబ్బంది వ్యవహారాల విభాగం మంత్రిత్వ శాఖలన్నింటికీ సూచించింది కూడా. ప్రభుత్వ రంగ బ్యాంకులో చాలాకాలం బ్రాంచి మేనేజరుగా పనిచేసి రిటైరైనవాడిగా ఈ ఆలోచనను నేను సమర్థిస్తాను. అయితే ఎందుకు ఇవ్వాలి, ఎవరితో మొదలుపెట్టాలి అన్న రెండు విషయాల్లో యాజమాన్యాల లెక్క తప్పుతోందని నా అభిప్రాయం.

ఒత్తిడి తగ్గించడానికే ఈ శిక్షణ అన్నట్టు చెబుతుంటారు. బ్రాంచిలో కూర్చున్నవారికి దీని అవసరం అంతకన్నా పెద్దది. నెలాఖరున మధ్యాహ్నం మూడు గంటలకు మేనేజరు బల్ల ముందు ఏం జరుగుతుందో చూడండి. కౌంటర్‌లో గుమాస్తా వేసిన ఎంట్రీలు అధికారి ఆమోదం కోసం స్క్రీన్ మీద వరుసగా నిలిచి ఉంటాయి. "సార్, పాస్ చేయండి" అని కౌంటర్ నుంచి కేక వినబడుతుంది. బంగారం అప్పు ప్యాకెట్ సీలు వేయించాలని, బంగారం విలువ కట్టే అప్రైజర్ నిలబడి ఉంటాడు. సేఫ్ రెండో తాళం చేతిలో ఉన్న ఆఫీసరు భోజనానికి వెళ్లి ఇంకా రాడు. ఇవన్నీ ఇలా ఉండగా సెల్‌ఫోన్‌లో రీజనల్ ఆఫీసు వీసీ (వీడియో కాన్ఫరెన్స్) నడుస్తూనే ఉంటుంది, ఈ రోజు బీమా పాలసీలు ఎన్ని లాగిన్ చేశారన్న ప్రశ్న ఏ క్షణాన తనవైపు తిరుగుతుందోనని మేనేజరు చెవి అటే పెట్టి, కన్ను చూడని ఎంట్రీలను చేత్తో పాస్ చేస్తూ పోతాడు. ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు సరిచూడాలన్న నియమం బ్యాంకుకు మొదటి కాపలా. సరిచూసేవాడి ధ్యాస వేరేచోట ఉన్నప్పుడు ఆ కాపలా కాగితం మీదే మిగులుతుంది.

ఇప్పుడు దీనికి సైబర్ మోసాలు తోడయ్యాయి. పోలీసులమంటూ ఫోన్‌లో భయపెట్టి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' మోసానికి బెదిరిపోయిన వృద్ధులు ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించుకోవడానికి వచ్చినప్పుడు, వారి కంగారు గమనించి, రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగి, డబ్బు పోకుండా ఆపిన బ్యాంకు సిబ్బంది గురించి 2024లో హైదరాబాద్ నుంచి వార్తలు వచ్చాయి. ఎదుటి మనిషి ముఖం చూసేంత తీరిక మనసుకు ఉండబట్టే వారు ఆ పని చేయగలిగారు. అందుకే ఈ శిక్షణను సిబ్బంది సంక్షేమం పద్దు కింద కాకుండా ఖాతాదారుల భద్రత కింద లెక్కించాలని కోరుతున్నాను.

శిక్షణ ఇచ్చే తీరు మాత్రం నిరాశ కలిగిస్తుంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ ప్రారంభించిన పాఠ్యక్రమం ఎనిమిది వారాలు నడుస్తుంది, రోజూ ఇంటి దగ్గర సాధన చేయాలి. మన హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళితే పది రోజులు మౌనం, ఫోను గేటు దగ్గరే అప్పజెప్పాలి. నేను హాజరైన శిక్షణ ఒక్క పూటలో ముగిసింది. కళ్లు మూసుకోమన్నప్పుడు సగం మంది జేబుల్లో ఫోన్లు మోగుతున్నాయి, చివర్లో గ్రూప్ ఫొటోకు మాత్రం అందరూ శ్రద్ధగా నిలబడ్డాం.

ఇలాంటివాటి ఫలితం మీద అనుమానం నా ఒక్కడిదే కాదు. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మైండ్‌ఫుల్‌నెస్ వంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవారికి, పాల్గొననివారికి మధ్య మానసిక క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది ఒక సమయంలో తీసుకున్న సర్వే కాబట్టి అదే తుది తీర్పు అనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా ఉద్యోగికి వ్యక్తిగతంగా నేర్పే మెళకువలతో సరిపెట్టలేదు. పనిభారాన్ని, పని పద్ధతులను మార్చాలనీ, మేనేజర్లకు సిబ్బంది మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలనీ చెప్పాయి.

పని పద్ధతిని మార్చే అధికారం బ్రాంచి మేనేజరుకు లేదు. వీసీ ఎప్పుడు పెట్టాలో, ఎంతసేపు సాగాలో, టార్గెట్ చేరని బ్రాంచిని పేరు పెట్టి నిలదీయాలో వద్దో నిర్ణయించేది రీజనల్, జోనల్ అధికారులు. వందమంది వింటుండగా మాట పడిన మేనేజరు, ఆ మాటనే మరికాస్త కారం కలిపి గుమాస్తాకు దించుతాడు, గుమాస్తా పాస్‌బుక్ ఎంట్రీకి వచ్చిన పింఛనుదారు మీద చూపిస్తాడు. నోరు జారకముందే తన కోపాన్ని తాను పసిగట్టడం ఈ శిక్షణలో నేర్పే ముఖ్యమైన విద్య అయితే, అది ముందుగా కావలసింది వీసీలో అవతలి వైపు కూర్చున్నవారికి. (వారికీ పైనుంచి అదే ఒత్తిడి ఉందని నాకు తెలుసు. అందుకే మరింత పైనుంచి మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.)

కాబట్టి బ్యాంకు యాజమాన్యాలకు, కేంద్ర ఆర్థిక సేవల విభాగానికి నా విన్నపం ఇది. మొదటి విడత శిక్షణను జోనల్, రీజనల్ అధికారులకే, పని వేళల్లోనే, కనీసం ఎనిమిది వారాలపాటు ఇవ్వాలి. ఇష్టం లేనివారిని బలవంతపెట్టకూడదు, హాజరును ప్రమోషన్ మార్కులతో ముడిపెట్టకూడదు. ఖాతాదారులకు తలుపులు తెరిచి ఉన్నంతసేపు వీసీలు పెట్టరాదని లిఖితపూర్వకంగా ఆదేశించాలి. శిక్షణ ముగిసిన ఆరు నెలలకు ఆ జోన్ బ్రాంచి మేనేజర్లను, పేర్లు రాయనవసరం లేకుండా, వీసీలో మాట తీరు మారిందా అని అడగాలి. వారి జవాబులు చూశాకే రెండో విడతకు ఖర్చు మంజూరు చేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు,
గుంటూరు