పద్యాన్ని సాక్ష్యానికి పిలిచేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

పాత పద్యాలను పట్టుకుని ఆనాటి సంఘాన్నీ రాజకీయాన్నీ చెప్పే వ్యాసాలు ఆదివారం అనుబంధాల్లో తరచూ వస్తున్నాయి. సంతోషమే. కాకపోతే చాలామంది కవి పొగిడినదాన్ని చరిత్రగా తీసుకుని, మాటవరసకు అన్నదాన్ని వదిలేస్తున్నారు. రాజు కీర్తి దిగంతాలకు పాకిందన్న మాట సంభావన కోసం పుట్టింది. పనికొచ్చేది కవి యథాలాపంగా అనేసిన సంగతి.

శ్రీనాథుడి పేర వినిపించే సీసం తీసుకోండి. ‘కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీధి నెదురెండ బొగడదండ’ అని మొదలవుతుంది. తర్వాతి పాదాల్లో భుజాన నల్లగుండు (బండరాయి), కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురుగొడియ (వెదురు బేడీ) వస్తాయి. శిస్తు బాకీపడ్డవాడిని నడివీధి ఎండలో ఎలా నిలబెట్టేవారో ఇంత దగ్గరగా చూపే పద్యాలు అరుదు. బొడ్డుపల్లె భూమిని గుత్తకు తీసుకుంటే పంటను కృష్ణానది కొంత, పిట్టలు కొంత తినేశాయని గోడు. ఇది చాటువు, నోటినుంచి నోటికి వచ్చినది. కాబట్టి శ్రీనాథుడి జీవితానికి గట్టి రుజువు కాదు. కానీ గుత్త, బాకీ, శిక్ష అనే వరస విన్నవాళ్లకు కొత్త కాకపోబట్టే పద్యం నిలిచింది.

చివరి పాదం ‘నెట్లు చెల్లింతు టంకంబు లేడు నూర్లు’. ఏడు వందల టంకాలు (ఆనాటి నాణేలు) అని లెక్క రాసుకునే ముందు యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం, చూడాలి. సీసం చివర వచ్చే తేటగీతిలో నాలుగో గణం మొదట యతి. ‘ఎట్లు’కు ‘ఏడు’ కుదిరింది, ‘రెండు’ కుదరదు. ఎత్తిరాసే లేఖకుడు ఆ అంకెను మార్చడం కష్టమే, కానీ కవే యతి కోసం ఎంచుకుని ఉండొచ్చు. అంకె సంగతి అలా ఉంచి, బాకీని టంకాల్లో లెక్కగట్టారన్నది తీసుకోవచ్చు.

కావ్యం మొదట రాజునూ ఆయన వంశాన్నీ చెప్పే అవతారికను మరోలా చదవాలి. అక్కడ డబ్బూ అధికారమూ మాట్లాడతాయి. చంద్రుడు, పూరుడు, భరతుడు, కురువు, పాండురాజు తన వంశకర్తలని రాజరాజనరేంద్రుడు చెప్పుకున్నట్టు నన్నయ మహాభారతం అవతారికలో రాశాడు. ఆ రాజుకు సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం తగువుంది. అన్నదమ్ముల బిడ్డలు రాజ్యం కోసం పోరాడిన కథనే ఆయన కోరడం ఊరికే జరిగిందనుకోను.

నగర వర్ణనలను మాత్రం సగానికి సగం కొట్టేయాలి. కావ్యంలో ఆనవాయితీగా వచ్చే అష్టాదశ (పద్దెనిమిది) వర్ణనల్లో అది ఒకటి. ప్రతి కోటా ఆకాశాన్ని, ప్రతి అగడ్తా పాతాళాన్ని తాకుతుంది.

కాలం విషయంలో అందరూ జారేది క్రీడాభిరామం దగ్గర. కథ కాకతీయుల ఓరుగల్లులో నడుస్తుంది. ఆ రాజ్యం 1323లో కూలింది, కావ్యం ఆ తర్వాతిది. పైగా రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. అందులో రూకకు దొరికే పూటకూటి భోజనాన్ని నేరుగా ప్రతాపరుద్రుడి కాలపు ధరగా వేసేస్తున్నారు. ఆ ధర కథాకాలానిదో, కవి కాలానిదో ముందు తేలాలి.

నీతి పద్యాలది ఇంకో చిక్కు. ‘ఇల యొకింతైన గుంట కాల్వలు రచించి’, పేదకు అరిలో, కోరులో నయం చూపమంటుంది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. అరి పన్ను, కోరు పంటలో రాజు వాటా. రాయలు ఇలా చేయాలన్నాడంటే చేశాడని కాదు. పన్ను పేదకు బరువవుతోందని రాజుకు తెలుసునని మాత్రం అర్థం. చెరువుల మాటకు బయటి సాక్ష్యం ఉంది: పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరం దగ్గర పెద్ద చెరువు పని కళ్లారా చూసి రాశాడు. నయం చూపారా అన్నదానికి శాసనాలు వెతకాలి.

ఇకపై అచ్చువేసే ప్రతి పద్యం కింద ఆశ్వాసం (కావ్యంలోని అధ్యాయం), పద్యసంఖ్య, ఏ ముద్రణో వేయించండి. చాటువైతే చాటువని రాయించండి. రెండు పంక్తులకు మించి చోటు పట్టదు.

– ఒక పాఠకుడు