స్పీడ్ టెస్ట్ చూపించి కంప్లైంట్ మూసేస్తే సరిపోద్దా?

ఎడిటర్ గారికి నమస్కారాలండి.

రోడ్ల మీద, డ్రైనేజీ మీద, కరెంటు కోతల మీద ఉత్తరాలు మీరు వేస్తూనే ఉంటారు గానీ ఇంట్లో నెట్ గురించి ఎవరూ రాయరు, అదేదో ఎవడి గొడవ వాడిది అన్నట్టు. ఇంటి పన్ను కట్టాలన్నా పిల్లాడి కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా ఇప్పుడు దానిమీదే కదా, అందుకే రాస్తున్నా. పొడుగైతే కత్తిరించుకోండి, ఏమీ అనుకోను.

మాది తణుకు. పోస్టల్‌లో చేసి రిటైరయ్యా. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది, కొత్తది కాదు అలాగని మరీ చచ్చిపోయిందీ కాదు. పోయిన ఏడాది పాత కేబుల్ నెట్ తీసేసి ఫైబర్ పెట్టించా, 40 ఎంబీపీఎస్ ప్లాన్, నెలకి 499, పైన 18 శాతం జీఎస్టీ. పెట్టించిన రోజు నుంచీ ఒకటే బాధ. ఏ సైటు కొట్టినా ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది, పేజీ తెల్లగా అలాగే నిలబడి పోతుంది, మనం లేచి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి సగం తెరుచుకుని ఉంటుంది. చిత్రం ఏంటంటే అదే కంప్యూటర్లో యూట్యూబ్ వీడియో ఒకసారి మొదలైందా ఇంక ఎక్కడా ఆగదు. మా ఆవిడ ఫోన్లో వైఫై మీద అన్నీ టకటకా వచ్చేస్తున్నాయి. "మీతో పాటే దానికీ రిటైర్మెంట్ ఇచ్చెయ్యాల్సింది" అని ఆవిడ దెప్పుడు ఒకటి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. కుర్రాడొచ్చాడు, మర్యాదగానే ఉన్నాడు, కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టాడు, రూటర్ ఆపి వేశాడు, స్పీడ్ టెస్ట్ పెట్టాడు, 38 వచ్చింది. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని "సార్ లైన్ పర్ఫెక్ట్ అండి" అన్నాడు, గేటు దాటకముందే కంప్లైంట్ క్లోజ్ అయిందని నాకు మెసేజ్ వచ్చేసింది. మర్నాడు మళ్ళీ ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి "మీది చిన్న ప్లాన్ కదండీ, 100 తీసుకోండి, బాగుంటుంది" అంది. సరే అని 799 ప్లాన్‌కి మారా. స్పీడ్ టెస్ట్‌లో 96 వచ్చింది, పేజీలు మాత్రం అదే నత్త నడక. మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి 200 తీసుకోమన్నారు! ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదండి, మా వీధిలో ముగ్గురిని అడిగా, ముగ్గురికీ ఇదే మందు, జ్వరానికీ అదే కాలు నొప్పికీ అదే.

ఏడు నెలలు అలాగే లాక్కొచ్చాక సంక్రాంతికి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, మాటల్లో ఈ సంగతి వస్తే "ప్లాన్ గురించి వదిలెయ్ బాబాయ్, ఎప్పుడూ తెరవని సైటు ఒకటి కొట్టి, బ్రౌజర్లో కింద ఎడమ పక్క మూల చిన్న అక్షరాలు వస్తాయి, అవి చదువు" అంది. ఇన్నాళ్ళూ నేను ఆ మూలకి చూసిందే లేదు. కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్‌కి అంటుకుపోయి చూస్తే బూడిద రంగు ముక్కలో "రిజాల్వింగ్ హోస్ట్" అని ఉంది, అంటే సైటు అడ్రస్ ఇంకా వెతుకుతున్నానని. అలాగే ఉంది, కాసేపటికి మారి ఇంకో పేరు, మళ్ళీ "రిజాల్వింగ్ హోస్ట్".

"దొరికింది" అంది మా పిల్ల.

తను చెప్పింది నాకు బాగా ఎక్కింది, పోస్టల్‌లో చేశా కదా. మనం సైటు పేరు కొడితే అది ఏ నంబర్ అడ్రసులో ఉందో చెప్పడానికి డీఎన్ఎస్ అని ఒక సర్వర్ ఉంటుందట, ముందు దాన్ని అడిగి అడ్రస్ తెచ్చుకున్నాకే పేజీ తేవడం. మా కంప్యూటర్లో ఆ డీఎన్ఎస్ గడుల్లో, ఎప్పుడో పాత కేబుల్ కుర్రాడు చేత్తో కొట్టిన రెండు అడ్రసులు ఉన్నాయి, మొదటిది వాళ్ళ సొంత సర్వర్, రెండోది 8.8.8.8, అంటే గూగుల్ వాళ్ళు 2009 నుంచీ అందరికీ ఫ్రీగా నడిపేది. పాత కనెక్షన్ తీసేశాం కాబట్టి ఆ మొదటి సర్వర్ ఇప్పుడు మనకి జవాబు చెప్పదు, ఇలాంటివి సాధారణంగా సొంత కస్టమర్లకే పలుకుతాయట. పాపం మా కంప్యూటర్ ప్రతిసారీ ముందు దాన్నే అడగడం, అది పలక్కపోతే కాసేపు చూసి రెండోదాన్ని అడగడం. ఒక్కో పేరుకి ఒకటి రెండు సెకన్లే, కానీ ఈ రోజుల్లో ఒక పేజీ అంటే ఒక్క చోటి నుంచి రాదు కదండీ, బొమ్మలు ఒకచోట, అక్షరాల ఫాంటు ఒకచోట, యాడ్లు ఇంకో పది చోట్ల, అన్నిటికీ ఇదే నిరీక్షణ. వీడియోకి, స్పీడ్ టెస్ట్‌కి మొదట్లో ఒకటి రెండు సార్లు అడిగితే చాలు, తర్వాత అంతా ధారగా వచ్చేస్తుంది. అందుకే టెస్ట్‌లో నూటికి 96 మార్కులు, చేతిలో సున్నా. ఫోన్ అయితే అడ్రస్ చెప్పేవాడెవడో రూటర్నే అడిగి తెలుసుకుంటుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు.

ఫోన్లో చెబుతూ చెబుతూ ఆ గడులు రెండూ చెరిపించి ఆటోమేటిక్ అన్న చోట చుక్క పెట్టించింది. నాలుగు నిమిషాలు. పైసా ఖర్చు లేదు. నేను మాత్రం నెలకి 300, జీఎస్టీతో 354, ఏడు నెలలకి 2478 రూపాయలు ఊరికే పోసుకున్నా.

అందరికీ ఇదే జబ్బు అనను. మా ఎదురింటాయన రూటర్‌ని స్టీల్ బీరువా వెనక పెట్టాడు, ఇనుము అడ్డం వస్తే వైఫై ఎక్కడికి పోద్ది? పక్కింటాయన బ్రౌజర్లో కూపన్లనీ ఇంకోటనీ తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, అంటే పదకొండు ఎక్స్‌టెన్షన్లు బయటపడ్డాయి. ఆ మూల అక్షరాలు "వెయిటింగ్ ఫర్" ఫలానా అనే సైటు పేరు దగ్గర ఆగిపోతే చాలాసార్లు అవతలి సర్వరే నీరసించినట్టు, ఆప్షన్ల ఆఖరి రోజున లక్షలాది పిల్లలు ఒకేసారి మీద పడితే మన ఇంట్లో 1000 ఎంబీపీఎస్ ఉన్నా ఒరిగేది లేదు. కానీ ఆ రోజు కూడా కంగారుపడి పెద్ద ప్లాన్ కొన్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని మార్చింది, అంతకుముందు అది 512 కేబీపీఎస్సే, అంటే అర ఎంబీపీఎస్. మా 40 దానికి 20 రెట్లండి, అక్షరాలూ బొమ్మలూ ఉన్న పేజీ తెరవడానికి చాలదా? నేనడిగేది చిన్నది. పెద్ద ప్లాన్ అంటగట్టే ముందు ఆ ఫోన్లోని అమ్మాయి మూడు ప్రశ్నలు అడగాలి, అదే వైఫై మీద ఫోన్లో బాగుందా, అన్ని సైట్లూ స్లోనా ఒక్కటేనా, వీడియో ఆగుతోందా లేదా అని. వచ్చిన కుర్రాడు స్పీడ్ టెస్ట్ ఫొటోతో సరిపెట్టకుండా మన కళ్ళ ముందు మనం చెప్పిన సైటు తెరిచి చూపించాలి, కొత్త కనెక్షన్ ఇచ్చిన రోజే పాత డీఎన్ఎస్ చెరిపేసి వెళ్ళాలి. అసలు తప్పు కుర్రాళ్ళది కాదు, రోజుకి ఇన్ని కంప్లైంట్లు మూయాలని వాళ్ళ నెత్తిన పెట్టేవాళ్ళది. కంప్లైంట్ పెట్టినప్పుడు దానికి గుర్తుగా డాకెట్ నంబర్ ఇవ్వాలని, వాళ్ళు చేసింది మనకి నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్ళొచ్చని, 39 రోజుల్లో తేల్చాలని టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2012 లోనే రూల్ పెట్టింది, ఈ సంగతి బిల్లు మీద కనపడేంత అక్షరాల్లో వేస్తే వాళ్ళ సొమ్మేం పోద్ది?

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకండి. ఆ ఏడు నెలల్లో మా కంప్యూటర్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది మీ పేపర్ వెబ్‌సైటేనండి. వార్త నాలుగు పేరాలు, దాని చుట్టూ యాడ్లు తెచ్చే పేర్లు ఆ మూలలో ఒకదాని తర్వాత ఒకటి నేను లెక్కపెడుతుంటే 30 దాటాక ఊరుకున్నా. కాస్త మీ వాళ్ళకి చెప్పండి.

నిన్న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నా 499 ప్లాన్ నాకు ఇచ్చెయ్యమన్నా. "ఆ ప్లాన్ ఇప్పుడు లేదు సార్" అన్నారు. డాకెట్ నంబర్ అడిగి తీసుకుని క్యాలెండర్ మీద రాసుకున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు, తణుకు