సెల్లార్ మట్టి గురించి ఆదివారం ఉదయం 10కి కలుద్దాం

అందరికీ నమస్తే 🙏

మూడో లైన్ మూల ప్లాటులో సెల్లార్ తవ్వుతున్నారు, చూసే ఉంటారు. తీసిన ఎర్రమట్టంతా రోడ్డు పక్కనే గుట్ట పోశారు. నిన్న అరగంట వానకే అది జారి వరద కాలువ జాలీ పూడుకుపోయింది. పాలబ్బాయి బండి జారి పడ్డాడు, దెబ్బలు తగల్లేదు కానీ పాలన్నీ నేలపాలు. 2020 అక్టోబరు వానలకు మన మెట్లెక్కిన నీళ్లు గుర్తున్నాయి కదా!

ఇల్లు కట్టుకోవద్దని మనం అనట్లేదు. కానీ వానాకాలంలో సెల్లార్లు తవ్వొద్దని జీహెచ్‌ఎంసీ చాలా ఏళ్లుగా చెబుతూనే ఉంది. గుంత అంచు కూలితే పక్కింటి పునాదికే ముప్పు.

ఆదివారం వాచ్‌మన్ గది దగ్గర కలిసి, ముందు బిల్డర్‌తో మర్యాదగా మాట్లాడదాం. మట్టి ఎత్తించాలి, గుంత చుట్టూ బస్తాలు పేర్పించాలి. వినకపోతే వార్డు ఆఫీసులో అర్జీ. ఇంటికొకరు వచ్చి సంతకం పెట్టండి, ఊళ్లో లేనివాళ్లు ఫ్లాట్ నంబరుతో ఇక్కడే ‘ఓకే’ అనండి.

వాన పడేటప్పుడు మట్టి ఎటు పారుతోందో ఫొటో తీయండి, తేదీ కనిపించాలి. వాదనకు అదే ఆధారం.

ఇంకోటి, మన ఇంకుడు గుంతలో కూడా పూడిక పేరుకుంది. శనివారం సాయంత్రం తీయిస్తున్నాం, ఇంటికి ₹100. టైల్స్ ముక్కలు, సిమెంటు సంచులు కాలువలో వేస్తున్నది మనవాళ్లే, దయచేసి ఆపండి.

గొడుగులు మర్చిపోకండి ☔