ఆ చలి రాత్రి మా ఇంటికి వచ్చినవాళ్ళకు

మిన్నెసోటాలో మాకిది రెండో చలికాలం, సొంతింట్లో మొదటిది. పోయిన నెల ఒక శనివారం రాత్రి, బయట మైనస్ 18 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 28 సెల్సియస్ ఉండగా ఇల్లంతటికీ వేడి గాలి పంపే మా గ్యాసు ఫర్నేస్ ఆగిపోయింది. మావారు పని మీద డల్లాస్‌లో ఉన్నారు. ఇంట్లో నేను, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, పద్నాలుగు నెలల పాప. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నవాళ్ళకి ఫోన్లో థాంక్స్ చెప్పి ఊరుకోవాలనిపించలేదు.

థర్మోస్టాట్ 70 ఫారెన్‌హీట్‌కి పెట్టి ఉంది, ఇంట్లో 61 చూపిస్తోంది. బేస్‌మెంట్‌లోకి వెళ్ళి చూస్తే లోపల చిన్న ఫ్యాన్ తిరుగుతోంది, భగ్గున మంట అంటుకుంటోంది, నాలుగైదు సెకన్లలో ఆరిపోతోంది. అలా కొన్నిసార్లు జరిగాక పూర్తిగా ఆగిపోయింది. సర్వీసువాళ్ళు సోమవారం దాకా మనిషి లేడన్నారు. పాపని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్న అత్తయ్యగారు "పోనీ, వంటింట్లో పొయ్యి వెలిగించుకుని కూర్చుందామా అమ్మా?" అన్నారు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు భయంతో వద్దన్నాను. అలా అన్నాక ఇంకేం చెయ్యాలో తెలియక ఏడుపొచ్చేసింది.

మావారు అక్కడి నుంచే ఫోన్లు చేశారు. రెండు వీధుల అవతల ఉండే రాజమండ్రి అక్కావాళ్ళు పది నిమిషాల్లో వచ్చారు. "ఏమీ సర్దకు, పాప పాలసీసా ఒక్కటి ఇవ్వు చాలు" అని అత్తయ్యగారినీ పాపనీ తీసుకెళ్ళి, వేడి చారన్నం పెట్టి, తమ మంచం ఇచ్చి తాము సోఫాల్లో పడుకున్నారు. అక్కా, నువ్వు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యగారు చెప్తేనే తెలిసింది.

ఇక మా పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటినవారు, జీవితమంతా హీటింగ్ పనిలోనే ఉన్నారు. రాత్రి పదకొండింటికి, ఆ మంచులో, టార్చ్ పట్టుకుని నడిచొచ్చారు. ముందు కరెంటు, గ్యాసు ఆపించారు. ఫర్నేస్ తలుపు లోపలివైపు అంటించిన కాగితం చూపించి, దాని ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుమందో అంతకుముందు మేం లెక్కపెట్టిన అంకెను అందులో నన్నే వెతకమన్నారు. మంట ఉన్నా ఫర్నేస్ లేదనుకుంటోందట. బర్నర్ ముందు పెన్సిల్ కంటే సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, ఫ్లేమ్ సెన్సర్. ఆ కడ్డీ నుంచి మంట గుండా అతి కొద్ది కరెంటు పారితేనే ఫర్నేస్ గ్యాసు వదులుతూ ఉంటుంది. కడ్డీకి పొర పడితే ఆ కరెంటు సరిగా పారదు, మంట లేదనుకుని గ్యాసు ఆపేస్తుంది. అది మన ప్రాణం కాపాడే ఏర్పాటే.

ఒక్క స్క్రూ. ఆయన రెండు నిమిషాల్లో చేసేసేవారు. కానీ కడ్డీ నా చేతికిచ్చి, సన్నటి స్టీల్ పీచుతో నాచేతే మెల్లగా రుద్దించారు. గరుకు కాగితం వాడొద్దన్నారు. తర్వాత ఫర్నేస్‌లోకి వెళ్ళే గాలిని వడకట్టే ఫిల్టర్ లాగి చూపించారు. ఇల్లు కొని ఎనిమిది నెలలు, ఒక్కసారీ మార్చలేదు. బూడిదరంగు దుప్పటిలా ఉంది. అలా ఉంటే గాలి ఆడక ఫర్నేస్ వేడెక్కి ఆగిపోతుందట. ఆయన ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. తన ఇంటి నుంచి కొత్తది తెచ్చి, దాని మీది బాణం ఫర్నేస్ వైపు ఉండేలా పెట్టించారు. బయట గోడలోంచి వచ్చే, ఫర్నేస్‌కి గాలి తెచ్చేదీ పొగ వదిలేదీ అయిన రెండు తెల్ల గొట్టాల మూతి దగ్గర మంచు తీసేశారు. సింకుల కింద అల్మరాలు తెరిపించి, పైపులు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా వదలమన్నారు.

పన్నెండున్నరకి మంట నిలబడింది. వెంటనే వెళ్ళిపోలేదాయన. మా మెట్ల మీదే కూర్చుని, ఇల్లు 66కి వచ్చాక లేచారు. డబ్బు తీసుకోలేదు. అత్తయ్యగారు మర్నాడు పంపిన పులిహోర మాత్రం గిన్నె ఖాళీ చేసి తిరిగిచ్చారు. ఆయనకి తెలుగు రాదు, అందుకే ఇది మా పాప పెద్దయ్యాక ఆయనకి చదివి చెప్పాలని నా కోరిక.

ఇప్పుడు ప్రతి ఫిల్టర్ అంచు మీద తేదీ రాస్తున్నాను. మా చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరింట్లోనైనా మంట ఇలా వచ్చి ఆరిపోతుంటే, ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యండి, టార్చ్ తీసుకుని వస్తాను. గ్యాసు వాసన వస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, బయట నుంచే 911కి చెయ్యండి.