జీతం తీసుకున్న కంప్యూటర్లు

సంపాదకులకు,

ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని పందొమ్మిదో శతాబ్దంలోనే ‘సర్వే శాఖ చీఫ్ కంప్యూటర్ లెక్కగట్టింది’ అని మీ ఆదివారం అనుబంధంలో అచ్చయింది. ‘లెక్కగట్టారు’ అని ఉండాలి. ఆ చీఫ్ కంప్యూటర్ యంత్రం కాదు, మనిషి. పేరు రాధానాథ్ సిక్దర్. 1831లో సర్వేలో కంప్యూటర్‌గా కొలువుకు కుదిరిన బెంగాలీ గణితవేత్త. 1802లో మన చెన్నై పరంగిమల దగ్గర బ్రిటిష్ అధికారి లాంబ్టన్ ఏడున్నర మైళ్ల బేస్‌లైన్ (కొలతలకు ఆధారమైన గీత) కొలిచి మొదలుపెట్టిన సర్వేయే అది. కొండలెక్కి కోణాలు కొలిచేవాళ్లు ఒకరు, ఆ అంకెలను లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని లెక్కలు తేల్చేవాళ్లు వేరొకరు. ఈ రెండోవాళ్లనే కంప్యూటర్లనేవారు.

పాత పత్రికలు తిరగేసేవాళ్లు ‘కంప్యూటర్’ అన్న మాట కనిపిస్తే 1945కు ముందైతే మనిషి, తర్వాతైతే యంత్రం అని సులువుగా తేల్చేస్తుంటారు. అది రెండు వైపులా తప్పుతుంది. 1892 మేలో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ‘కంప్యూటర్ కావలెను’ మనిషి కోసమే, సరే. కానీ 1911లో పుట్టి తర్వాత ఐబీఎంగా మారిన కంపెనీ పేరులోని ‘కంప్యూటింగ్’ అంగడి త్రాసుల నుంచి వచ్చింది. సరుకు పెడితే బరువుతోపాటు ధర కూడా చూపించే త్రాసులవి. రెండో ప్రపంచయుద్ధం వార్తల్లో విమానాలపై గురిచూసే సాధనాలనూ కంప్యూటర్లనే రాశారు. ఇటు చూస్తే, మన జనాభా లెక్కల శాఖలో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పేరుతో మనుషుల ఉద్యోగాలుండేవి. స్పెల్లింగులో చివర ‘ఈ ఆర్’ బదులు ‘ఓ ఆర్’ ఉండటం మనిషి అనడానికి ఒక ఆనవాలు. అయితే పాత ముద్రణలో దాన్నే నమ్ముకోకూడదు. జీతం, వయోపరిమితి, విద్యార్హత కనిపిస్తే మనిషి. అద్దె, స్థాపన, వోల్టేజీ, ఏసీ గది కనిపిస్తే యంత్రం.

అసలు చిక్కు యంత్రాల వార్తలు వెతికేటప్పుడే. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను బయటపెట్టినప్పటి నుంచి పత్రికలకు ‘ఎలక్ట్రానిక్ మెదడు’ అన్న మాట తెగ నచ్చింది. ఆ మోజు చాలాకాలం వదల్లేదు. 1955లో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన యంత్రం పేరులోనే ‘హోలరిత్ ఎలక్ట్రానిక్ కంప్యూటర్’ అని ఉంది. అయినా వెతికేవాళ్లు మెదడు, కాలిక్యులేటర్, టాబ్యులేటర్, డేటా ప్రాసెసర్ అన్నీ వేసి చూడాల్సిందే. 1983లో బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ కుదిరిన ఒప్పందం తర్వాత శాఖల్లోకి వచ్చిన యంత్రాలకు ‘అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్’ అని పేరు. కంప్యూటర్ అంటే కొలువులు ఊడతాయన్న భయం రాజ్యమేలుతున్న రోజులవి. ఆ దశాబ్దంలో బ్యాంకుల్లోకి కంప్యూటర్లెలా వచ్చాయో ‘కంప్యూటర్’ అన్న ఒక్క మాటతోనే వెతికితే సగం చరిత్ర చేతికి రాదు.

ఇక స్కాన్ చేసిన పేజీల సంగతి. ఇరుకు కాలమ్‌లో మాట సగానికి విరిగి, ‘కమ్’ ఈ వరుసలో, ‘ప్యూటర్’ కింది వరుసలో పడితే పేజీలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకే మాటగా గుర్తుపట్టదు. అందుకే రెండో ముక్కను విడిగా కూడా వెతకాలి. సిరా అలుక్కున్నచోట ‘కమ్యూటర్’ (రోజూ వచ్చిపోయే ప్రయాణికుడు) కాస్తా కంప్యూటర్ అవుతుంది. తాంబరం లోకల్ రైలు రద్దీ వార్త మీ కంప్యూటర్ చరిత్రలో దూరితే కంగారు పడొద్దు. దొరికిన ప్రతి వాక్యానికీ పేజీ బొమ్మ తెరిచి, పైనా కిందా రెండేసి పేరాలు చదివాకే ఉటంకించాలి.

మీ ‘నాటి పేజీల నుంచి’ శీర్షికలో ఇలాంటి మాట వచ్చినప్పుడు మూలంలోని పదాన్ని అలాగే ఉంచి, పక్కన ‘లెక్కల ఉద్యోగి’ అనో ‘యంత్రం’ అనో ఒక్క ముక్క చేర్చండి. సందేహముంటే ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉండనే ఉంది. ప్రచురణకర్తలు ప్రతులు పంపాలనే 1954 చట్టం కింద పుస్తకాలతో పాటు పత్రికల ప్రతులూ చేరే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తేదీ, పేజీ సంఖ్య రాసుకుని వెళ్తే పని త్వరగా తెములుతుంది.

ఇట్లు,
పాత పత్రికల పాఠకులు కొందరు,
టి.నగర్, చెన్నై