కోళ్ల దాణా పరీక్ష మామునూరులోనే జరగాలి

సంపాదకులకు నమస్కారం.

మక్కల ధర పెరిగితే కోళ్ల రైతులం గోల పెడతాం, పడిపోతే మక్క రైతులు రోడ్డెక్కుతారు. ధర గురించి ఇంత మాట్లాడే మనం, ఆ మక్కల్లో ఏముందన్నది మాత్రం పట్టించుకోవడం లేదు. గుడ్డుకు పెట్టే ఖర్చులో నూటికి 65 నుంచి 70 రూపాయలు దాణాకే పోతాయి. ఆ దాణాలో దాదాపు సగం మక్కలే. లోడు దించుకునే ముందే దాని తేమ ఎంతో, బూజు విషం ఎంతో తెలుసుకునే ఏర్పాటు మామునూరు వెటర్నరీ కాలేజీలో వరంగల్ చుట్టుపక్కల చిన్న రైతులకు కావాలి. ఈ లేఖ అందుకోసమే.

ముందు తేమ సంగతి. వానాకాలం మక్కలు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు వస్తాయి. ఆరబెట్టే చోటు లేక రైతు వాటిని రోడ్డు మీద పోస్తాడు. మబ్బు పడితే టార్పాలిన్ కప్పుతాడు, ఎండ రాగానే తీస్తాడు. రెండు రోజులు ముసురు పట్టిందంటే కుప్ప లోపల వేడెక్కిపోతుంది. ఆ సరుకు చేతులు మారి మా షెడ్డుకు చేరేసరికి, పంటి కింద ఒక గింజ కొరికి చూడటమే మాకున్న పరీక్ష. దాణాకు 12 శాతం తేమ ఉండాల్సిన చోట 18 శాతం ఉంటే, 100 క్వింటాళ్లలో 6 క్వింటాళ్లు నీళ్లే. 2025-26 మద్దతు ధర 2,400 రూపాయలు వేసుకున్నా 14,400 రూపాయలు నీళ్లకు పోసినట్టు. పైగా ఫార్ములా ప్రకారం కలిపిన దాణాలో శక్తి తగ్గిపోతుంది, ఆ లోటు తీర్చుకోవడానికి పెట్ట ఇంకాస్త ఎక్కువ తింటుంది.

తేమ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది బూజు. మా షెడ్డులో ఒక బ్యాచ్ బాగా గుడ్లు పెట్టే దశలో ఉండగా గుడ్లు తగ్గడం మొదలైంది. మేత సరిగ్గా ముట్టడం లేదు. డాక్టర్ గారు చచ్చిన పెట్టను కోసి కాలేయం చూపించారు. ఉబ్బి, పసుపురంగుకు తిరిగి, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉంది. బస్తాలో గింజలు తీసి విరిచి చూస్తే కొన్నింటికి మొలక దగ్గర ఆకుపచ్చటి పొడి. మిగతావి చూడటానికి బాగానే ఉన్నాయి. శాంపిల్ హైదరాబాద్ పంపించాం. రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ లోడు మొత్తం కోళ్ల కడుపులోకి పోయింది.

దాణాలో అఫ్లాటాక్సిన్ అనే ఈ బూజు విషం కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రమాణం. అంత సూక్ష్మమైనది కంటికి ఎలా కనిపిస్తుంది? బూజు కనపడని గింజలోనూ ఉండొచ్చు. దాణాను గుళికలు చేసే పెల్లెట్ మెషీన్ వేడికి బూజు చస్తుందేమో గానీ విషం పోదు. అందుకే మాలో చాలామంది అవసరం ఉన్నా లేకున్నా ప్రతి బ్యాచ్‌కూ విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్ మందు కలుపుతున్నారు. అదొక దండగ ఖర్చు.

ఇప్పుడు ఇథనాల్‌కు మక్కలు పోతున్నాయి, దాంతో మాకు పోటీ పెరిగింది. మక్క రైతుకు మంచి ధర రావద్దని నేను అనను, వాళ్లు మా ఊరివాళ్లే. అయితే ఆ ఫ్యాక్టరీల్లో మిగిలే ఎండు పిప్పిని, అంటే డీడీజీఎస్‌ను, సోయా చెక్క కన్నా చవక అని మాకు అమ్ముతున్నారు. మక్కల్లోని పిండి పదార్థం ఇథనాల్‌గా మారిపోయాక మిగిలినదాంట్లో మాంసకృత్తులు ఎలా చిక్కబడతాయో, బూజు విషమూ అలాగే సుమారు మూడింతలు చిక్కబడుతుంది. ఆ లాట్ పరీక్ష రిపోర్టు లేకుండా దాన్ని అమ్మనివ్వకూడదు.

మన దగ్గర దాణాకు పనికొచ్చేవి తక్కువేం లేవు. రైస్ మిల్లుల నూకలు శక్తిలో మక్కలకు దగ్గరగా ఉంటాయి. పసుపు రంగు ఉండదు కాబట్టి సొన తెల్లబడుతుంది, అందుకే కొన్ని మక్కలు ఉంచుకోవాలి. సజ్జల్లో మాంసకృత్తులు మక్కల కన్నా ఎక్కువ. తవుడు త్వరగా ముక్కిపోతుంది, నూనె తీసినదైతే నిలుస్తుంది. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది, మోతాదు మించితే సొన రంగు చెడుతుంది. వీటిని ఎంత కలపాలో చెప్పాలంటే ముందు సరుకును పరీక్షించాలి. మాంసకృత్తుల్లో ఉండే లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను విడిగా కలిపి సోయా తగ్గించుకోవాలన్నా అంతే.

షెడ్డులో మేం చేయాల్సింది మేం చేయాలి, కాదనను. 10,000 పెట్టలు రోజుకు 1,100 కిలోలు తింటాయి. తొట్టి నిండా పోస్తే ముక్కుతో చిమ్మేస్తాయి. 3 శాతం నేలపాలైనా రోజుకు 33 కిలోలు, కిలో 30 రూపాయలనుకుంటే ఏడాదికి మూడున్నర లక్షల పైమాట. తొట్టి మూడో వంతే నింపాలి, ఎండాకాలంలో మేత తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయాలి.

కంపెనీ కోసం మాంసం కోళ్లు పెంచే బ్రాయిలర్ కాంట్రాక్టు రైతుల బాధ వేరు. దాణా కంపెనీది, కూలీ లెక్క మాత్రం ఎఫ్‌సీఆర్ మీద, అంటే కోడి కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తిన్నదన్న లెక్క మీద. 2 కిలోల కోడికి ఎఫ్‌సీఆర్ 1.6 బదులు 1.8 వస్తే ఒక్కో కోడి 400 గ్రాములు అదనంగా తిన్నట్టు. 5,000 కోళ్లకు 2 టన్నులు. తప్పు రైతు పెంపకంలో ఉందా, బస్తాలో ఉందా అని తేల్చేవాళ్లు లేరు, కోత మాత్రం రైతుకే పడుతుంది.

మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. తేమ, మాంసకృత్తులు, అఫ్లాటాక్సిన్ పరీక్షలకు అక్కడ ఒక కౌంటర్ తెరిచి, రైతు భరించగల ఫీజుతో అదే రోజు రిపోర్టు ఇవ్వాలి. అఫ్లాటాక్సిన్‌కు అరగంటలో ఫలితం చెప్పే స్ట్రిప్ కిట్లు ఉన్నాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. ఎనుమాముల యార్డులో డ్రయ్యర్లు పెడితే మక్క రైతుకూ మేలే. మద్దతు ధరకు కొనాలంటే తేమ 14 శాతం మించకూడదు కదా. కాంట్రాక్టు షెడ్లలో దాణా దిగిన రోజే రైతు, కంపెనీ సూపర్‌వైజర్ కలిసి శాంపిల్ తీసి, సీలు వేసి, ఒక పొట్లం రైతు దగ్గరే ఉంచేలా పశుసంవర్ధక శాఖ ఆదేశాలివ్వాలి. వచ్చే వానాకాలం మక్కలు యార్డుకు రాకముందే ఈ పని జరగాలని కలెక్టర్ గారిని, శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక లేయర్ కోళ్ల రైతు
పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా