మాస్కుల ఆర్డర్లు ఎందుకు తగ్గించానంటే

నా దగ్గర జంతువుల మాస్కులు తీసుకునే అందరికీ నమస్తే. ఈ మధ్య ఆర్డర్లు ఎందుకు ఒప్పుకోవడం లేదని చాలామంది అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు చెబుతాను. ఇప్పుడు నా సమయమంతా దాదాపు ఫర్‌సూట్ తలలకే పోతోంది. ఫర్‌సూట్ అంటే మనిషి వేసుకునే బొచ్చు జంతువు వేషం. ఇష్టపడే అటు వెళ్లాను.

ఒకాయన నా తోడేలు మాస్కు కొని, తను మాట్లాడితే దాని దవడ కూడా కదిలేలా చేయగలరా అని అడిగారు. అలా మొదలైంది. ఆయన ఫర్రీ. మనుషుల్లా నడిచి మాట్లాడే జంతు పాత్రలంటే ఫర్రీలకు ప్రాణం. చాలామంది తమకంటూ ఒక పాత్రను అల్లుకుంటారు, దాన్నే ఫర్‌సోనా అంటారు. సూట్ వేసుకునేది కొందరే, మిగతావాళ్లు బొమ్మలు గీస్తారు, కథలు రాస్తారు. అమెరికాలో 1997లో మొదలైన ఆంత్రోకాన్ అనే ఫర్రీల సమావేశానికి ఇప్పుడు వేలమంది వస్తారు. "ఆ వింత మనుషులతో నీకెందుకు?" అన్నవాళ్లూ ఉన్నారు. తమ నక్క చెవి కొసన నలుపు ఎంతవరకు రావాలో అంత ఓపిగ్గా వివరించే మనుషులంటే నాకు గౌరవం.

మాస్కు ఎదుటివాళ్లకు బాగా కనిపిస్తే చాలు. ఫర్‌సూట్ తలలో మాత్రం మనిషి గంటల తరబడి ఉండాలి. ఊపిరాడాలి, మెట్లు కనబడాలి. అందుకే కళ్ల దగ్గరే నాకు ఎక్కువ సమయం పడుతుంది. సన్నటి జాలీ మీద, రంధ్రాలు పూడకుండా కనుపాప వేస్తాను. బయటివాళ్లకు కన్ను కనిపిస్తుంది, లోపలున్న మనిషికి దారి కనిపిస్తుంది. ఆ జాలీని కంటి తెలుపు కంటే కాస్త లోపలికి అమర్చితే, మీరు ఎటు నడిచినా ఆ జంతువు మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. ఇక ఫర్‌ని, అంటే బొచ్చు గుడ్డని, వెనక గుడ్డ వైపు నుంచి బ్లేడుతోనే కోయాలి. వెంట్రుకలు తెగితే అతుకు దాగదు.

తల కావాలంటే మీ పాత్ర ముందు, పక్క, వెనక ఎలా ఉంటుందో చూపించే బొమ్మ, మీ తల కొలతలు పంపండి. కళ్లద్దాలుంటే ముందే చెప్పండి. మార్పులేమైనా ఫోమ్‌తో తల ఆకారం చేసే దశలోనే చెప్పాలి, ఫర్ అంటించాక కష్టం. ఇంకొకరి పాత్రను వాళ్ల అనుమతి లేకుండా ఎంతిచ్చినా చేయను. వెయిటింగ్ తప్పదు.

మాస్కులు మానేయడం లేదు, తక్కువ చేస్తానంతే. పాతవాటి రిపేర్లు ఎప్పటిలాగే చేస్తాను. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు, మీ మాస్కులు చేతికి అందాకే కొత్త తలలు మొదలుపెడతాను.